ఏడో తలుపు కింద దిమ్మె

రోజు 204, మొదటి షిఫ్ట్

పోశం తాత ప్రోగ్రాం తీసేశాం. ఈ పొద్దుటి నుంచి గని ఫ్యాన్లను నడిపే గాలి బల్ల మీద నాది నడుస్తోంది. తాత పోయి రెండేళ్లయింది. ఆయన రాసిన తెరలు చూస్తే కళ్ళు మండేవి, ఒక అంకె కోసం ఆరు కిటికీలు తెరవాలి. నాలుగు నెలలు కూర్చుని అంతా తిరగరాశాను. ఆయన రాసిన పదకొండు వేల లైన్లలో ఎవరికీ పనికిరానివి మూడు వేలు తీసి పారేశాను.

మా గనిలో ఏడు రోజులకోసారి ఊడ్పు ఉంటుంది. పేరు రాసిలేని గిన్నె, ఎవరూ నాది అనని చెప్పుల జత, గుడ్డముక్క, ఏదైనా సరే కొలిమికి పోవాల్సిందే. నాలుగు వందల పన్నెండు మంది ఈ బొరియల్లో బతకాలంటే మిగులు అనేది ఉండకూడదు. చిన్నప్పుడు ఊడ్పు రోజున మా అమ్మ చీపురు నా చేతికే ఇచ్చేది, నా చెయ్యి అంత శుభ్రం. ప్రోగ్రామునూ అదే చేత్తో ఊడ్చాను.

పాత లైబ్రరీని, అంటే మా ప్రోగ్రాముల కింద ఉండే పాత కోడ్‌ను, మాత్రం ముట్టుకోలేదు. ఫ్యాన్లనూ, ఏడో గ్యాలరీ తలుపునూ నిజంగా నడిపేది అదే. పైన ఎండకు తాళలేక మా ముత్తాతలు గనిలోకి దిగకముందే ఎవరో రాశారు. ఎలా రాశారో తెలిపే కాగితం ఎక్కడా లేదు. మిగిలింది యంత్రానికి తప్ప మనిషికి అర్థంకాని అంకెల ముద్ద. దాన్ని పిలవడానికి తాత ఒక అట్ట రాసిపెట్టాడు: ఏ పనిని ఏ పేరుతో పిలవాలి, దానికి ఏమేం ఇవ్వాలి, ఎంత కొలతలో ఇవ్వాలి. ఆ అట్ట చూసే నా ప్రోగ్రాం దాన్ని పిలుస్తుంది. నా వైపు తప్పు చేస్తే నేను రాసే కంప్యూటర్ భాషే చెయ్యి పట్టుకుని ఆపుతుంది. ఆ వైపు అలాంటిదేమీ లేదు. మొన్న పరీక్షలో నాలుగు బైట్లు ఇవ్వాల్సిన చోట ఎనిమిది ఇచ్చాను. తప్పు అనలేదు, గ్యాస్ నాలుగు లక్షల శాతం అని చూపించి ఊరుకుంది. ముందు నవ్వొచ్చింది, తర్వాత గబగబా సరిచేశాను.

మా చెల్లె స్వరూప ఏడో గ్యాలరీలో పుట్టగొడుగుల మళ్ళలో పనిచేస్తుంది. షిఫ్టుకు పోతూ మెడలోని ఇత్తడి బిళ్ళ తీసి బోర్డుకు తగిలించింది. లోపలికి పోయేవాళ్ళు బిళ్ళ తగిలించి పోవాలి, బయటికి రాగానే తీసుకుని మెడలో వేసుకోవాలి. బోర్డు మీద బిళ్ళ ఉంటే మనిషి లోపల ఉన్నట్టు.

"అక్కా, నీ తెర మస్తున్నది గనీ, మా దిక్కు గాలి సక్కగ పంపు. ముచ్చట్లల్ల పడి మర్షిపోకు," అంది.

"నిన్ను మరిస్తే ఇంట్ల వంట ఎవరు జేస్తరే," అన్నాను.

రోజు 207, రెండో షిఫ్ట్

గబగబా రాస్తున్నాను, అక్షరాలు వంకర పోతే పోనీ.

ఏడో గ్యాలరీలో మళ్ళ కింది నుంచి ఎప్పుడూ కొంత గ్యాస్ ఊరుతుంటుంది. అది ఒక శాతం దాటితే లైబ్రరీయే నా ప్రోగ్రామును పిలవాలి. అందుకోసం ముందే దానికి ఒక చిరునామా ఇచ్చి ఉంచుతాను, గ్యాస్ పెరిగితే ఈ గుమ్మం తట్టు అని. తట్టగానే నా ప్రోగ్రాం సైరన్ మోగిస్తుంది, తలుపును పది నిమిషాలు ఆపుతుంది, లోపలివాళ్ళు నడిచి వచ్చేస్తారు. గ్యాస్ ఎంత ఉన్నా సరే, బల్ల నుంచి జవాబు లేకపోతే లైబ్రరీ తొంభై సెకన్లు చూసి తలుపు దించేస్తుంది. మిగతా గనిని కాపాడాలని అలా రాశారు. లోపల ఎవరున్నారని అది అడగదు.

ఇవాళ గ్యాస్ ఒకటి దాటింది. సైరన్ మోగలేదు. నా తెర నల్లబడింది, ఒక్క మాట కూడా చెప్పకుండా ప్రోగ్రాం చచ్చింది. మళ్ళీ లేపడానికి నాలుగు నిమిషాలు పడుతుంది. తొంభై సెకన్లకు తలుపు పడింది. లోపల సర్దార్ ఓదెలు మామ, ఆయన కింద పనిచేసే ముఠా నలుగురు.

బతికారు. ఓదెలు మామ గ్యాలరీలోకి పోయేముందు తలుపు కింద ఒక కర్ర దిమ్మె పెడతాడు. పాత గని మనిషి, వాళ్ళ నాన్న అలవాటు అది. తలుపు దిమ్మె మీద పడి మూరెడు ఎత్తున ఆగింది, ఐదుగురూ పొట్టల మీద పాకి బయటికి వచ్చారు. ఆ మూరెడు సందులోంచి గ్యాస్ ఆరో గ్యాలరీకి పాకింది. ముగ్గురు పసిపిల్లలు దగ్గి దగ్గి నీలమయ్యారు. తలుపు అంచు వంగింది.

పంచాయతి కూర్చుంది. పంచాయతి పెద్ద రాయమల్లు నన్ను అడిగాడు: "మణీ, నిజం జెప్పు. నీ ప్రోగ్రాం ఎందుకు వడ్డది?"

లేచాక నా ప్రోగ్రాం రాసుకున్న ఎర్ర లైను చూపించాను: ఏడో తలుపు పడలేదు, అడ్డం ఉంది. "దిమ్మె అడ్డముంటే తలుపు లెక్క తప్పుతది. గందుకే తికమక పడ్డదేమో," అన్నాను. ఏమో అన్నాను నిజమే, కానీ ఆ 'ఏమో' ఎవరి చెవికీ ఎక్కలేదు. ఎక్కకపోతే బాగుండునని నాకూ ఉండింది. తెర ముందు నల్లబడిందనీ, తలుపు తర్వాత పడిందనీ చెప్పలేదు.

ఓదెలు మామ బిళ్ళ తీసేసుకున్నారు. ఇకమీదట దిమ్మె పెట్టినవారి బిళ్ళ రద్దు అని తలుపు పక్కన బోర్డు రాయమన్నారు. నా దస్తూరీ బాగుంటుందని నాతోనే రాయించారు.

"దిమ్మె వెట్టినందుకే ఐదుగురం బతికినం," అన్నాడు ఓదెలు మామ. "గీ ముచ్చట ఎవలన్న రాసుకోండ్రి."

నా వైపే చూశాడు. నేను పెన్సిల్ వైపు చూశాను.

రోజు 209, మొదటి షిఫ్ట్

నలభై సార్లు పరీక్షించాను. పరీక్ష పద్ధతిలో పెట్టి, ఒక్కో అడుగూ నడిపిస్తూ, దొంగ గ్యాస్ అంకె ఇచ్చి చూశాను. నలభై సార్లూ సైరన్ మోగింది. చూస్తున్నంతసేపు నా ప్రోగ్రాం బుద్ధిమంతురాలే. చూపు తిప్పితేనే చస్తోంది.

అన్నం సయించడం లేదు. స్వరూప, "ఏందే, కడుపుతోని ఉన్నవా?" అని ఎకసెక్కమాడింది. కసురుకున్నాను, పాపం.

రోజు 210, షిఫ్టు మారే వేళ

గ్యాస్ ఒకటి దాటగానే ప్రోగ్రాం మళ్ళీ చచ్చింది. అప్పుడు ఏడో గ్యాలరీలో ఎవరూ లేరు. తలుపు ఖాళీ గ్యాలరీ మీద పడింది. ప్రోగ్రామును లేపి, తలుపు పైకెత్తి, చెమట తుడుచుకుని కూర్చున్నాను. ఎవరూ చూడలేదు.

అప్పుడు దిమ్మె లేదు. అంటే ఓదెలు మామ తప్పు కాదు. రాయమల్లు దగ్గరికి పోయి ఈ మాట చెప్పాలి. చెబితే ఆయన బిళ్ళ ఆయనకు వస్తుంది, నాది పోతుంది. బిళ్ళ లేనివాళ్ళు ఏ గ్యాలరీకీ పోకూడదు, ఏ పనీ ముట్టకూడదు, బెంచీ మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళ చూపులు తినాలి. నాకు భయం. పుస్తకంలోనైనా అబద్ధం ఆడకూడదని రాస్తున్నాను, నాకు చాలా భయం.

అట్ట ముందు పెట్టుకుని ప్రతి పిలుపునూ సరిచూశాను. ఫ్యాన్ వేగం అడిగే పిలుపులో ఒక కొలత తప్పుగా ఉంది. దొరికింది దొంగ అనుకున్నాను. సరిచేసి మళ్ళీ నడిపించాను. ఇదే అయ్యుంటుంది, ఇదే అయ్యుండాలి.

రోజు 212, మొదటి షిఫ్ట్

ఏడో గ్యాలరీలో ఆరుగురు ఉన్నారు. స్వరూప వాళ్ళలో ఉంది. గ్యాస్ 0.6.

లచ్చవ్వ చారు తెచ్చి ఇచ్చింది. ఈమె పోశం తాత భార్య, బిళ్ళల బోర్డు కావలి ఈమెదే. బోర్డు నా బల్ల పక్కనే ఉంటుంది. చారు గిన్నె పెడుతూ మామూలుగా అంది:

"మా ముసలాయిన గీ కంప్యూటర్ల గూడ ఓ బోర్డు వెట్టిండు బిడ్డా. నన్ను జూషే పెట్టిండట. 'నీ బోర్డు లెక్కనే లచ్చీ, తగిలిచ్చి ఊకుండుడే, ఇంకేం పనిలేదు దానికి' అనెటోడు. ఉన్నదా ఇంకా?"

ఉండేది. నాకు గుర్తుంది. తాత ప్రోగ్రాంలో 'బిళ్ళలు' అనే ఒక పెట్టె. మొదట్లో దాంట్లో ఒక్క వస్తువు వేస్తాడు, ఆ తర్వాత పదకొండు వేల లైన్లలో ఎక్కడా ఆ పెట్టె మూత తీయడు. ఎవరూ వాడనిది. ఊడ్చేశాను.

చారు గిన్నె పక్కకు నెట్టేశాను.

నా భాషలోనూ ఒక ఊడ్పు ఉంది. ప్రోగ్రాం నడుస్తుంటే యంత్రం జ్ఞాపకం నిండుతుంది. నిండినప్పుడల్లా ఊడ్పు వచ్చి, ఎవరూ పట్టుకుని లేని వస్తువులను తీసేస్తుంది. లైబ్రరీకి నేనిచ్చిన చిరునామా అలాంటి వస్తువుదే. నా వైపు దాన్ని ఎవరూ పట్టుకుని లేరు. పట్టుకుని ఉన్నది ఆ వైపు లైబ్రరీ, కానీ ఆ వైపు ఏముందో ఊడ్పుకు కనబడదు. కాబట్టి తీసేస్తుంది. లైబ్రరీకి ఆ సంగతి తెలియదు, గ్యాస్ పెరగగానే లేని గుమ్మం తడుతుంది. పరీక్ష పద్ధతిలో ఊడ్పు చేతులు కట్టుకుని ఉంటుంది, అందుకే నలభై సార్లూ మోగింది. తాత తన పెట్టెలో ఆ వస్తువుకు బిళ్ళ తగిలించి ఉంచాడు. నేను బిళ్ళ పీకేశాను.

బిళ్ళ తగిలించే లైను తిరిగి చేర్చి కొత్త ప్రతి సిద్ధం చేయడం పెద్ద పని కాదు, పక్క యంత్రంలో పది నిమిషాల పని. చేసేశాను. కానీ అది పనిచేయాలంటే బల్లను ఆపి లేపాలి. ఆపితే తొంభై సెకన్లకే తలుపు పడుతుంది. లోపల ఆరుగురు.

ఆపకపోతే? ఊడ్పు ఇప్పటికే వచ్చి పోయిందో, ఇంకా రాలేదో నాకు తెలియదు. తెలుసుకోవాలని ఒక కిటికీ తెరిస్తే ఆ కిటికీకి జ్ఞాపకం కావాలి, ఊడ్పు ఇంకాస్త దగ్గరవుతుంది. ఒక అక్షరం కొట్టినా అంతే. గ్యాలరీకి ఫోను పోయేది కూడా నా ప్రోగ్రాం గుండానే. నేనే కట్టాను అలా, ముచ్చటపడి.

లేని గుమ్మం తడితే ఏమవుతుందో కూడా చెప్పలేం. రెండుసార్లు ప్రోగ్రాం చచ్చి ఊరుకుంది. ఆ చోట ఈసారి ఇంకేదైనా ఉంటే, ఫ్యాన్లు ఆపే ఆజ్ఞే ఉంటే, గని మొత్తం పోతుంది.

కీబోర్డు మీద కంచం బోర్లించాను. పెన్సిల్‌తో రాస్తున్నాను. గ్యాస్ 0.7.

*అదే షిఫ్ట్, కాసేపటికి*

రాయమల్లు వచ్చాడు. "ఫ్యాన్ల లెక్కలు సూపియ్యి మణీ," అంటూ కంచం పక్కకు జరిపి మౌస్ మీద చెయ్యి వేయబోయాడు. పంచాయతి పెద్ద చేతి మీద ఫెడీమని కొట్టాను.

"ముట్టకు! నీ కాళ్ళు మొక్కుత, ముట్టకు!"

ఆయన చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. అప్పుడు చెప్పేశాను. అంతా. పెట్టె తీసేసిన సంగతి, 207న తెర ముందు నల్లబడ్డ సంగతి, 210న ఖాళీ గ్యాలరీ మీద తలుపు పడ్డ సంగతి. ఏడ్చుకుంటూ చెప్పాను. లచ్చవ్వ చెంగు నోట్లో కుక్కుకుంది.

"ఎవలన్న నడిషిపోయి చెప్పాలె," అన్నాడు రాయమల్లు. ఆయనకు మోకాళ్ళ నొప్పి, లచ్చవ్వ ముసలిది. నేను బల్ల వదలకూడదు. రెండో షిఫ్టువాళ్ళు ఇంకా ఇళ్ళల్లోనే ఉన్నారు.

బయట బెంచీ మీద ఓదెలు మామ ఉన్నాడు. బిళ్ళ పోయినప్పటి నుంచి రోజూ అక్కడే కూర్చుంటున్నాడు. అంతా విన్నాడు. లేచి తలపాగా బిగించాడు.

"బిళ్ళ లేనోడు లోపటికి పోవద్దు," అన్నాడు రాయమల్లు, అలవాటు మీద. "నీ బిళ్ళ పంచాయతి పెట్టెల ఉన్నది, తెచ్చేసరికి..."

"నీ బిళ్ళ నువ్వే మెడకేసుకో," అన్నాడు ఓదెలు మామ. నా వైపు తిరిగాడు. "ఎంత సేపున్నది బిడ్డా?"

"తెల్వది మామా."

"గిది మాత్రం నిజం జెప్పినవ్," అని పోయాడు.

తలుపు దాకా ఇరవై నిమిషాలు. మళ్ళ దాకా ఇంకో ఐదు. గ్యాస్ 0.8.

*అదే షిఫ్ట్*

కాళ్ళు కదపడానికి కూడా భయంగా ఉంది, బల్లకు తగులుతాయేమోనని. మూత్రం ఆపుకుని కూర్చున్నాను. అంకె మారినప్పుడల్లా తెరకు కూడా కొంచెం జ్ఞాపకం ఖర్చవుతుందని గుర్తొచ్చింది. అంకె మారొద్దని మొక్కాను. 0.8. 0.8. 0.9.

చిన్నప్పుడు స్వరూపను ఒకసారి ఊడ్పు బుట్టలో దాచాను, ఆటకు. కొలిమి దగ్గరికి పోయేదాకా మరిచిపోయాను. అమ్మ నన్ను కొట్టలేదు, ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. ఇప్పుడెందుకు గుర్తొస్తోందో.

అడుగుల చప్పుడు. వస్తున్నారు.

*అదే షిఫ్ట్, తర్వాత రాసినది*

వరసగా రాయాలి. తప్పకుండా రాయాలి.

ముందు ముగ్గురు పరుగెత్తి వచ్చారు. తర్వాత ఇద్దరు. చివర స్వరూప, ఒంటినిండా బురద. ఒక్కొక్కరూ బోర్డు మీది బిళ్ళ తీసి మెడలో వేసుకున్నారు. లచ్చవ్వ వేలు పెట్టి లెక్కపెట్టింది.

"ఆరుకు ఆరు ముట్టినయ్. బోర్డు ఖాళీ. అందరొచ్చిండ్రు బిడ్డా!"

తెర మీద 0.9 ఉంది, ఎంతసేపు ఉంటుందో తెలియదు. కంచం విసిరికొట్టి, ప్రోగ్రామును ఆపేశాను. తెర నల్లబడింది. కొత్తది లేవడం మొదలుపెట్టింది. నాలుగు నిమిషాలు. హమ్మయ్య అని కుర్చీలో వెనక్కి వాలాను. స్వరూప వచ్చి నా మెడ చుట్టూ చేతులు వేసింది, నేను దాని బురద తలను ముద్దు పెట్టుకున్నాను.

అప్పుడు అది అడిగింది: "ఓదెలు మామ ఇంకా రాలే?"

"మీతోని రాలేదా?"

"మళ్ళ మీద తడి గుడ్డలు కప్పుత, లేకుంటే గ్యాస్ ఇంకా లేస్తది, మీరు నడువుండ్రి, ఎనుకనే వస్త అన్నడు."

బోర్డు ఖాళీగా ఉంది. ఆయనకు బిళ్ళే లేదు, బోర్డు మీద ఎలా కనబడతాడు? తీయించింది నేను. బోర్డు ఖాళీ అయింది కదా అని ఆపేసింది కూడా నేనే.

ఆపినదాన్ని వెనక్కి తిప్పే దారి లేదు. ఫోను లేదు. రాయమల్లు "దేవుడా" అని గోడకు చేరగిలబడ్డాడు. స్వరూప గ్యాలరీ వైపు పరుగెత్తబోతే ఇద్దరు పట్టుకున్నారు. ఇరవై నిమిషాల దూరం అది, ఉన్నవి తొంభై సెకన్లు.

"దిమ్మె వెట్టిండానే? మీరొచ్చేటప్పుడు తలుపు కింద దిమ్మె ఉన్నదా?" అని దాని భుజాలు పట్టి ఊపాను.

"సూడలే అక్కా. ఉరికొచ్చినం. సూడలే."

ఎందుకు పెడతాడు? పెట్టినందుకే కదా బిళ్ళ పోయింది. తలుపు పక్కన నా గుండ్రటి దస్తూరీతో బోర్డు కూడా ఉంది, పెట్టొద్దని. ఆ బోర్డు పక్క నుంచే లోపలికి పోయుంటాడు.

తలుపు పడింది. అంత దూరం నుంచి చప్పుడు రాదు, కానీ నేల అదిరింది, అరికాళ్ళకు తెలిసింది. నేను తెర వైపు చూస్తూ ఉన్నాను.

తెర వెలిగింది. లైన్లు ఒక్కొక్కటే వచ్చాయి. మొదటి ఫ్యాన్ తిరుగుతోంది. రెండో ఫ్యాన్ తిరుగుతోంది. చిరునామా ఇవ్వడమైంది, బిళ్ళ తగిలించడమైంది. మూడో ఫ్యాన్. నాలుగో ఫ్యాన్. తర్వాత ఎర్రగా ఒక లైను.

ఏడో తలుపు పడలేదు, అడ్డం ఉంది.

నేను కుర్చీలోంచి నేల మీదికి జారిపోయాను. ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకే తెలియలేదు. లచ్చవ్వ నా వీపు నిమురుతూ, "ఏమైందే, మంచిదా చెడ్డదా, చెప్పవేందే?" అని అరుస్తోంది. వేలితో ఎర్ర లైను చూపించాను, ఆమెకు చదువు రాదు. స్వరూప చదివి వినిపించింది.

రాయమల్లు మనుషులను లేపి ఆరో గ్యాలరీ ఖాళీ చేయించాడు. సందులోంచి వచ్చే గ్యాస్‌కు ఈసారి పిల్లలు దొరకలేదు.

ఓదెలు మామ చాలాసేపటికి వచ్చాడు. మోచేతులు దోక్కుపోయాయి, కళ్ళు ఎర్రగా ఉన్నాయి, తలపాగా లేదు. బెంచీ మీద కూర్చుని నీళ్ళడిగాడు. చెంబు నేనే తెచ్చాను. కాళ్ళ మీద పడబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"మామా, పెట్టొద్దని బోర్డు రాసి ఉన్నది గద," అన్నాను. ఇంకేం అనాలో తోచలేదు.

"నాకు చదువస్తదా?" అన్నాడు. నీళ్ళన్నీ తాగి చెంబు నా చేతికిచ్చాడు. "దిమ్మె వెట్టిన. ఇప్పుడన్న రాసుకో."

రాస్తున్నాను.

రోజు 207న ఏడో తలుపు కింద దిమ్మె పెట్టింది సర్దార్ ఓదెలు. అందుకే ఐదుగురు బతికారు. రోజు 212న పెట్టింది కూడా ఆయనే, బిళ్ళ లేకుండా పోయి ఆరుగురిని బయటికి పంపాడు. 207న, 210న ప్రోగ్రాం పడింది నా తప్పు వల్ల. 212న లోపల మనిషి ఉండగా బల్ల ఆపింది నేను. ముగ్గురు పసిపిల్లల దగ్గు కూడా నాదే.

రాజమణి, గాలి బల్ల. నా బిళ్ళ మెడలోంచి తీసి లచ్చవ్వ చేతికిచ్చాను. ఓదెలు మామది తేవడానికి రాయమల్లు పంచాయతి పెట్టె దగ్గరికి పోయాడు.